వెనక్కి ఎగిరిన జెండా

ఖరీదైన విదేశీ వాచీకి నకలు చేస్తే దాని మీద కంపెనీ గుర్తు ఎందుకు సరిగ్గా రాదని ఇప్పుడు ఎవరినైనా అడగండి, మిషన్ల గురించి చెప్తారు. అసలు కంపెనీ వాళ్ల దగ్గర మంచి మిషన్లు ఉంటాయట, నకలు చేసేవాళ్ల దగ్గర ఉండవట. నిజమే కావచ్చు. మిషన్ల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది చెయ్యి సంగతి. జహీరాబాద్‌లో బస్సులు ఆగే చోటుకు దగ్గర, బొంబాయి సడక్ వైపు తెరుచుకునే మా వాచీల దుకాణంలో, పరదా వెనక కూర్చుని కొన్నేళ్లపాటు వాచీ డయళ్ల మీద గుర్తులు గీశాను. వాటిలో ఒకటి తప్పు గీశాను. ఆ ఒక్క తప్పుకు మా ఆయనను నడిబజారులో దొంగ అన్నారు.

మా నాయన లారీలకు రంగులు వేసేవాడు. సడక్ పక్కన లారీలు ఆగే చోట ఆయనకొక రేకుల పందిరి ఉండేది. బొంబాయి పోయేవీ, షోలాపూర్ నుంచి వచ్చేవీ అక్కడ ఆగేవి. తలుపు మీద నెమలి, వెనక యజమాని ఊరి పేరు, ముందు రెండు పక్కలా రెండు జెండాలు గీసేవాడు. నన్ను బడికి పంపలేదు కాని కుంచె చేతికిచ్చాడు. ఉడుత తోక వెంట్రుకలు ఏరి, కొనలు సమం చేసి, దారంతో పుల్లకు కట్టడం నాకు పదేళ్లకే వచ్చు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఏదైనా నాకొకటే. ఏదీ చదవలేను, ఏదైనా గీయగలను. చూసింది చూసినట్టు దించడమే నా చదువు అనుకునేదాన్ని. అది నిజం కాదని ఆలస్యంగా తెలిసింది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నాకు పెళ్లయింది. మా ఆయన హైదరాబాద్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర వాచీల పని నేర్చుకుని వచ్చి, ముందు దుకాణం, వెనక ఒకే గది ఉన్న చోటు కిరాయికి తీసుకున్నాడు. మాట తక్కువ మనిషి. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను నాలుగు మాటలంటే ఆయన ఒక్కటి అనేవాడు, ఆ ఒక్కటి కూడా తల వంచుకుని వాచీతో అన్నట్టు అనేవాడు. కాని దుకాణానికి మంచి పేరుండేది. న్యాల్‌కల్ వైపు రైతులు, చిరాగ్‌పల్లి నుంచి వచ్చే పటేళ్లు, ఊళ్లో కచేరీ ఉద్యోగులు, తురక సాహెబులు, అందరూ వాచీ విప్పి ఆయన చేతిలో పెట్టి పోయేవాళ్లు. చీటీ లేదు, రాత లేదు. ఎవరి వాచీ ఏదో ఆయనకు గుర్తుండేది. అప్పట్లో వాచీ అంటే ఇంట్లో ఒక్కటి, అదీ పెద్దవాడి చేతికి. అటువంటి దాన్ని లోపలి భాగాలన్నీ విప్పే మనిషికి వదిలి పోవాలంటే, ఆ మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నమ్మకం మీదే.

పెళ్లయిన మూడో ఏడు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. మొదట చాయ్ తాగేటప్పుడు సాసర్ చప్పుడు చేసేది. చలి అనుకున్నాం. ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. హైదరాబాద్ దవాఖానకు పోయి వచ్చాడు. నరాల బలహీనత అన్నారు, గోళీలిచ్చారు. గోళీలు అయిపోయాయి, వణుకు ఉండిపోయింది. పొద్దున లేవగానే కొంచెం నయంగా ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ కుడిచెయ్యి మాట వినేది కాదు. వాచీ లోపల ఒక్కో మర ఆవగింజంత ఉంటుంది. చిమటా అనే చిన్న పట్టకారుతో దాన్ని పట్టుకుని చోటులో పెట్టాల్సిన చెయ్యి అట్లా వణికితే ఇంక పనేముంది?

ఒక మధ్యాహ్నం ఆయన ఒక మరను మూడుసార్లు జారవిడిచాడు. మూడోసారి దాన్ని నేల మీద వెతికి తీసింది నేను. తీసిన దాన్ని ఆయనకివ్వకుండా నేనే చిమటాతో పట్టి చోటులో పెట్టాను. ఆయన నా చెయ్యి వంక చూశాడు. ఆ మర్నాడు బజారు నుంచి గళ్ల గుడ్డ తెచ్చి దుకాణానికీ గదికీ మధ్య పరదా కట్టాడు.

ఆ పరదా తర్వాత మా పని ఇట్లా నడిచింది. ముందు ఆయన కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడి, వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు. చప్పుడు వినగానే రోగం చెప్పేసేవాడు, ఆ విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు. "వచ్చే అంగడికి రాండ్రి" అని, వారం తిరిగి సంత కూడే రోజుకు రమ్మని పంపి, పరదా సందులోంచి వాచీ నాకందించేవాడు. నేను పెరటి తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆయన చెప్పినట్టు విప్పి, తుడిచి, నూనె చుక్కలు పెట్టి బిగించేదాన్ని. చెయ్యి వణికే మనిషి దగ్గరికి ఎవరూ వాచీ తేరు. అందుకే ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండాలనుకున్నాం. ఎవరి ముందైనా ఆయన చేతులు ఒడిలో పెట్టుకునే కూర్చునేవాడు, చాయ్ ఇస్తే వద్దనేవాడు. గర్వం ఎక్కువైందిరా వీడికి అని పక్కనున్న చాయ్ హోటలాయన అన్నా నవ్వి ఊరుకునేవాడు.

డయళ్లకు మళ్లీ రంగు వేయడం మాత్రం మొదటి నుంచీ నా పనే. చెమట, వానతడి తగిలి పాత వాచీల డయళ్లు మచ్చలు పడేవి. వాటిని విప్పి, పాత రంగు గీకి, వెండి రంగు పలచగా పూసి, ఆరాక నల్ల రంగుతో అంకెలు, కంపెనీ పేరు, గుర్తు మళ్లీ గీసేదాన్ని. గీకే ముందు పాతదాన్ని కాగితం మీద పెద్దగా దించుకునేదాన్ని. ఆ పనిలో నేను గమనించినవి కొన్ని ఉన్నాయి. కుంచెకు మూడు వెంట్రుకలే ఉన్నా, గీత అసలుదాని కన్నా లావే వస్తుంది. వడగాలి రోజుల్లో రంగు కుంచె మీదే చిక్కబడి అక్షరాల సందులు పూడిపోతాయి. అసలు అక్షరాలకు అడుగున చిన్న పాదాల్లాంటివి ఉంటాయి, చదవడం రానివాళ్లు వాటిని మురికి అనుకుని వదిలేస్తారు. నేనూ మొదట్లో వదిలేశాను. ఇవన్నీ కన్నుపెట్టి చూస్తే దిద్దుకోగలిగిన తప్పులు.

లారీ డ్రైవర్లు బొంబాయిలో కొన్న వాచీలు తెచ్చేవాళ్లు. అస్లీ స్విస్ అని మురిసిపోయేవాళ్లు. భూతద్దం పెడితే నాకు నవ్వొచ్చేది. కిరీటానికి ఒక కొన తక్కువ, పక్షికి రెక్క కింద తోక. ఎవడో ఒక నకలును చూసి ఇంకో నకలు చేశాడు, దాన్ని చూసి ఇంకొకడు. ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క ముక్క రాలిపోయింది. పాపం ఆ డ్రైవర్లకు మా ఆయన ఎప్పుడూ నకలు అని చెప్పేవాడు కాదు. "మంచిగ నడుస్తది, చావి మాత్రం రోజూ ఒకే టైంకు ఇయ్యి" అనేవాడు. నేను పరదా వెనక ఆ పనివాళ్లను తిట్టుకునేదాన్ని. కళ్లు లేవా వీళ్లకు, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడానికి ఏం మాయరోగం అని. అంత పొగరుండేది నాకు.

మా వీధి చివర ఒక పెద్దమనిషి ఉండేవాడు. నిజాం కాలంలో తహసీలు కచేరీలో పేష్కారుగా చేసి దిగినవాడు. అందరికీ ఆయన పేష్కార్ సాబే. ఉర్దూ ఇంటి మనిషే అయినా మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఆయన అన్నయ్య యుద్ధకాలంలో సముద్రం దాటి బస్రాకు కొలువుకు పోయి, అక్కడి నుంచి ఒక స్విస్ వాచీ పంపాడట. వాచీ వచ్చింది కాని అన్న రాలేదు, అక్కడే పోయాడు. ఆ వాచీ మీద పన్నెండు అంకె కింద చిన్న ఓడ గుర్తు ఉండేది. మూడు తెరచాపలు, పైన జెండా, అంతా కలిపి బియ్యపుగింజంత. కంపెనీ పేరు నాకప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

పరదా కట్టిన మూడో ఏడు ముసురు వానలకు ఆయన వాచీలోకి తడి పోయింది. దుకాణానికి వచ్చి, విప్పి, మా ఆయన ముందు పెట్టాడు.

"ఉస్తాద్, జర చూడు. మా భాయి నిశానీ. ముఖం అంత పాడైంది. ఎట్లుండెనో గట్లనే కావాలె."

"అట్లనే చేపిస్త సాబ్" అన్నాడు మా ఆయన. చేస్త అనకుండా చేపిస్త అన్నాడని పరదా వెనక నేను ఉలిక్కిపడ్డాను. పేష్కార్ సాబ్ పట్టించుకోలేదు.

మా ఆయన పొద్దున చెయ్యి నయంగా ఉన్నప్పుడు వాచీ విప్పి, యంత్రం భాగం తుడిచి డబ్బాలో మూత పెట్టి, డయల్ ఒక్కటే నాకిచ్చాడు. తెరచాపలు తెలుస్తున్నాయి. కుడివైపుకు ఉబ్బి ఉన్నాయి. పైన జెండా ఉన్నచోటును మచ్చ తినేసింది. కర్ర ఉంది, దాని కొనన చుక్కంత నలుపు మిగిలింది. జెండా అని అర్థమైంది. ఎటు ఎగురుతున్నదో లేదు. నేను ఓడను చూసినదాన్ని కాదు, సముద్రాన్ని చూసినదాన్ని కాదు. అయినా నాకు క్షణం కూడా అనుమానం రాలేదు. ఓడ కుడివైపుకు పోతున్నదంటే జెండా ఎడమకే ఎగరాలి కదా. మా నాయన లారీల మీద అట్లాగే గీశాడు. ఝరాసంగం జాతరకు పోయే ఎడ్లబండ్ల మీద జెండాలు అట్లాగే వెనక్కి ఎగిరేవి. జెండా అంటే వెనక్కే ఎగురుతుంది.

ఆ డయల్ మూడుసార్లు గీశాను. మొదటిసారి తెరచాపల మధ్య సందు పూడింది. రెండోసారి ఆరకముందే మిడతొకటి వాలి పాడుచేసింది. మూడోసారి పూర్తయ్యేసరికి కళ్ల నీళ్లు కారుతున్నాయి, ఏడ్చి కాదు, అలసి. మా ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ డయల్ చూశాడు. ఏమీ అనకుండా మర్నాడు పొద్దున, చెయ్యి నయంగా ఉన్నప్పుడు, తానే బిగించాడు.

పేష్కార్ సాబ్ వాచీ చూసుకుని మురిసిపోయాడు. ఆయన కళ్లకు అప్పటికే పొర వస్తున్నది. వేళ్లతో అద్దం తడిమి, "కొత్తదానిలెక్క చేసినవ్" అని మా ఆయన భుజం తట్టాడు. ఏడాదిపాటు దాన్ని పెట్టుకుని తిరిగాడు.

ఆయన కొడుకు బొంబాయి గోదీలో, అంటే ఓడలు ఆగే రేవులో, గుమాస్తా. రంజాన్‌కు ఇంటికొచ్చాడు. తండ్రి చేతి వాచీ తీసి చూశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మాకు అంగడి రోజున తెలిసింది. ఎండ బాగా ఎక్కిన వేళ, బయట అల్లం మూటల బండ్లు దింపుతున్నారు, దుకాణం ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. కొడుకు వాచీ పట్టుకుని వచ్చాడు, వెనక తండ్రి వచ్చాడు.

"మా నాయిన నీకిచ్చిన వాచీ ఏడున్నది?" అన్నాడు కొడుకు.

"నీ చేతుల్నే ఉన్నది కద" అన్నాడు మా ఆయన.

"ఇది అస్లీ కాదు. బొంబాయిల గోదీ బయట గిట్లాంటియి గంపలల్ల అమ్ముతరు. జెండా చూడు. నేను రోజూ చూస్త తెరచాప పడవలను. గాలి ఎన్క నుంచి కొడితేనే తెరచాప ఉబ్బుతది. అదే గాలికి జెండా గూడ ముందటికే ఎగురుతది. ఇదేమో ఎన్కకు ఎగురుతున్నది. అసలు కంపెనీవాడు గింత గలత్ చేస్తడా?"

పరదా వెనక నేను పళ్లు నూరుకున్నాను. జెండా ముందుకు ఎగరడమేమిటి, బొంబాయి పోయొచ్చి మాకు గాలి సంగతి చెప్తున్నాడు అనుకున్నాను. జనం పోగయ్యారు. వాచీ మార్చిండట అని ఒకరు, ఇన్నేండ్ల సంది ఎన్ని మార్చిండో అని ఇంకొకరు. న్యాల్‌కల్ రైతు ఒకతను తన వాచీ బాగుచేయడానికి ఇచ్చి ఉన్నాడు, అది ఇప్పుడే ఇచ్చెయ్యమని చెయ్యి చాచాడు. మా ఆయన మాత్రం ఒక్కటే మాట అన్నాడు.

"డయల్‌కు రంగేసినం. లోపల వాచీ సాబ్‌దే."

"అయితే తెరిచి చూపియ్యి" అన్నాడు కొడుకు.

అది మధ్యాహ్నం. ఆ వేళకు ఆయన చెయ్యి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పరదా సందులోంచి చూశాను. ఆయన వాచీ బోర్లించి, మూత తెరిచే కత్తి తీసుకున్నాడు. కత్తి మొన మూత అంచు చుట్టూ తిరుగుతున్నది తప్ప సందులో పడడం లేదు. జారి కేస్ మీద గీత పడింది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. రెండు చేతులూ వణికాయి. కత్తి బల్ల మీద పడి ఠంగున మోగింది.

"చూసిన్రా, ఎట్ల వణుకుతున్నడో" అన్నాడు గుంపులోంచి ఎవడో. "తప్పు జేసినోడు గట్లనే వణుకుతడు."

ఆయన తల ఎత్తలేదు. ఒక్క మాట చెప్తే చాలు, నాకు నరాల జబ్బు ఉంది అని. చెప్పలేదు. దొంగ అన్నా పడతాడు కాని చెయ్యి పోయిందని ఒప్పుకోడు, ఎంత పంతమో ఈ మనిషికి అని నా ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే పరదా తోసుకుని బయటికి వచ్చాను. అంతమంది మగవాళ్ల ముందు దుకాణంలోకి రావడం అదే మొదటిసారి. కత్తి తీసుకుని, వాచీ తీసుకుని, ఒక్క పట్టుకు మూత లేపాను.

"ఆయన భయపడి వణుకుతలేడు. నాలుగేండ్ల సంది ఆయన చెయ్యి గంతే. మీ వాచీలన్నీ బాగుచేసింది నేను. డయల్ గీసింది గూడ నేను. ఏం కావాల్నో నన్ను అడగుండ్రి."

నేను భూతద్దం తగిలించుకుని లోపలికి చూశాను. యంత్రం మీద, ఒక పలక పైన, కంపెనీ వాళ్లు ఉలితో చెక్కిన అదే ఓడ ఉంది. మూడు తెరచాపలు కుడికి ఉబ్బి ఉన్నాయి. పైన జెండా కూడా కుడికే ఎగురుతున్నది. ముందుకు. రేవు గుమాస్తా చెప్పినట్టే.

అది ఎంత సేపు చూశానో తెలియదు. నాయన లారీలు, జాతర బండ్లు, నా పొగరు, అన్నీ ఒకేసారి మీద పడ్డట్టయింది. బొంబాయి పనివాళ్లను నేనెన్ని తిట్లు తిట్టాను. కిరీటం ఎన్నడూ పెట్టుకోనివాడు కిరీటం గీశాడు, ఓడ ఎన్నడూ చూడనిదాన్ని నేను ఓడ గీశాను. గీత చెరిగిపోయిన చోట చెయ్యి తనకు తెలిసిందే గీస్తుంది. తెలియదన్న సంగతే దానికి తెలియదు. అక్కడే వస్తుంది తప్పు, మిగతావన్నీ చిన్నవి.

వాచీని కొడుకు చేతికిచ్చి భూతద్దం కూడా ఇచ్చాను.

"లోపల చూడు తమ్మీ. కంపెనీ ఓడ సరిగ్గనే ఉన్నది. వాచీ మీదే. జెండా తప్పు నాది. మచ్చ పడి కానొస్తలేకుంటే, నాకు తెలిసినట్టు గీసిన."

అతను చూశాడు. చాలాసేపు చూసి, మెల్లగా భూతద్దం బల్ల మీద పెట్టాడు. "అబ్బాజాన్, వాచీ మనదే" అన్నాడు తండ్రితో. తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. గుంపు కూడా కరిగిపోయింది, కాని పోతూ పోతూ అందరూ మా ఆయన చేతులనే చూశారు. దొంగ అన్న మాట పోయింది. దాని చోటులో చెయ్యి పోయినోడన్న ఇంకో మాట వచ్చిందని నాకు అర్థమైంది.

తలుపు పలకలు వేసి లోపలికి వచ్చాక నేను ఊరుకోలేదు.

"జబ్బున్నదని చెప్తె నీ నోటి ముత్యాలు రాలుతయా? దొంగ అంటుంటే గట్ల కూసుంటవా?"

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు ఒడిలో పెట్టుకోలేదు ఈసారి. వణుకుతుంటే వణకనిచ్చాడు.

"జెండా తప్పున్నదని నాకు ఆ దినమే తెల్సు" అన్నాడు. "లోపలి ఓడ చూసిన గద."

"మరెందుకు చెప్పలె?" అన్నాను.

"మూడుసార్లు గీసినవ్. కండ్లకెల్లి నీళ్లు కారుతుండె. గింతంత జెండా ఎవరు చూస్తరులే అనుకున్న. నాదే తప్పు."

"ఇయ్యాల్నన్న చెప్పరాదు? నా పెండ్లాం గీసిందని చెప్పరాదు?"

"చెప్తె ఏమైతుండె? ఆమెకు పని రాదంటరు. నా చెయ్యి ఎట్లైన పోయింది. ఇయ్యాల కాకుంటే రేపన్న తెలుస్తుండె. ఇగ మనకు మిగిలింది నీ చెయ్యి. దాని పేరు గూడ పోతే ఏం తింటం?"

పంతం అనుకున్నాను నేను. అంతమంది ముందు నోరు మూసుకుని దొంగ అనిపించుకున్నది తన చేతిని దాచడానికి కాదు, నా చేతిని కాపాడడానికి. ఆయన అంత కష్టపడి దాచిన నా తప్పును నేనే బయటికి వచ్చి అరిచి చెప్పాను. దానితోపాటు ఆయన జబ్బును కూడా. ఎందుకు చెప్పానని ఇప్పటికీ బాధపడను, చెప్పకపోతే ఆయన దొంగగానే మిగిలేవాడు. కాని ఆ రోజు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పరదా విప్పేశాను. ఇంక దాచడానికి ఏముంది? బల్ల ముందు నేను కూర్చున్నాను, పక్కన ఆయన కూర్చున్నాడు. బాగుచేయడానికి ఇచ్చిన వాచీలు ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. కొందరు మొహమాటపడుతూ, బంధువు అడుగుతున్నాడనో ఇంకేదో చెప్పి తీసుకుపోయారు. కొందరు నన్ను చూడడానికే వచ్చారు. ఆడమనిషి వాచీ బాగుచేస్తదట అని వింతగా నిలబడి చూసి, వాచీ ఉన్న ముంజేతిని ఇంకో చేత్తో కప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. నాలుగు అంగళ్లు గడిచాయి. ఒక్క వాచీ రాలేదు. మా నాయన వచ్చి, లారీల దగ్గర పని ఉంది రమ్మన్నాడు. నేను ఊ అనలేదు, ఉహూ అనలేదు. మా ఆయన రోజూ పొద్దున వచ్చి బల్ల తుడిచి, చిమటాలు వరుసగా పెట్టి, ఊరికే కూర్చునేవాడు. దుకాణం మూసేద్దామని అనాలి, ఎవరు ముందు అనాలా అని ఇద్దరం చూస్తున్నాం.

అయిదో అంగడి రోజు పేష్కార్ సాబ్ వచ్చాడు. కర్ర పట్టుకుని, దారి తడుముకుంటూ, ఒక్కడే వచ్చాడు. బయట బండ్లు, జనం, కేకలు. దుకాణం ముందు నిలబడి ఊపిరి తీసుకున్నాడు. నేను స్టూలు వేశాను, కూర్చోలేదు.

"హైదరాబాద్ దవాఖానకు పోతున్న. కండ్లకు ఆపరేషన్ అంట" అన్నాడు. "ఎన్ని దినాలు పడ్తదో తెల్వది. ఆడ పెట్టుకోనియ్యరు. వచ్చేదాక వాచీ మీ దగ్గర ఉండనీ. దినాం చావి ఇయ్యుండ్రి, ఆగనియ్యొద్దు."

పట్టీ విప్పుకున్నాడు. వేళ్లు తడబడి కొంచెం సేపు పట్టింది. నేను లేచి రెండు చేతులూ చాచాను. ఆయనకు కళ్లు సరిగ్గా కనిపించడం లేదు కదా, చెయ్యి ఇటుంది సాబ్ అని కూడా అన్నాను.

"ఉండు బేటీ" అన్నాడు.

నన్ను దాటి మా ఆయన దగ్గరికి పోయాడు. ఒడిలోంచి ఆయన కుడిచెయ్యి వెతికి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, అందులో వాచీ పెట్టాడు.

"సాబ్, నా చెయ్యి..." అన్నాడు మా ఆయన.

"తెల్సు" అన్నాడు పేష్కార్ సాబ్. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా వాచీ మీదికి మూసి, పైన తన రెండు చేతులూ కప్పాడు. సడక్ మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. న్యాల్‌కల్ రైతు కూడా వాళ్లలో ఉన్నాడు. వణుకు ఆగలేదు. ముసలాయన చేతులు కూడా దానితో కలిసి వణికాయి. ఆయన మాత్రం వదలకుండా అట్లాగే నిలబడ్డాడు.